పొగచుట్ట – తోడివారి గాలి

ప్రొద్దుటూరుకు రైలు లేని రోజులలో రైలెక్కదలచినవారు బండి కట్టించుకొని ఎర్రగుంట్లకు పోయేవారు. జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల వారికి ముద్దనూరు స్టేషను దగ్గర. నంద్యాల – ఎర్రగుంట్ల మార్గం పూర్తయి 2016లో రైలు నడిచేదాకా ఇదే వరుస. మద్రాసు నుంచి బొంబాయికి పోయే ఆ రైళ్ళలో మూడవ తరగతి పెట్టె ఎట్లా ఉండేదో పెద్దలు చెప్పగా విన్నాము. మూటలు, గంపలు, నీళ్ళచెంబులు, వాటన్నిటి మీద కమ్ముకొన్న చుట్టపొగ! ఆ పెట్టెలో చుట్ట కాల్చుకొంటున్న రైతుకు గాని, అతని ప్రక్కన కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని కూర్చున్న స్త్రీకి గాని బహుశా తెలియని సంగతి ఒకటున్నది. 1890 నాటి భారత రైల్వే చట్టంలో 110వ సెక్షను ప్రకారం, పొగ త్రాగడానికని ప్రత్యేకించిన పెట్టెలో తప్ప మరెక్కడనైనా తోడి ప్రయాణీకుల సమ్మతి లేకుండా పొగ త్రాగినవారికి ఇరవై రూపాయల దాకా జరిమానా వేయవచ్చును. హెచ్చరించినా మానకపోతే రైల్వే ఉద్యోగి వారిని పెట్టెలో నుంచి దింపివేయవచ్చును.

సమ్మతి అనే ఆ ఒక్క మాటను గమనించండి. పొగ త్రాగేవాడు ముందుగా అడగాలి, ప్రక్కవారు సరేననాలి. చట్టం అంత స్పష్టంగా చెప్పినది. కాని మా జేజినాయన తన ఆయుష్షులో ఎవరినీ అడిగి చుట్ట ముట్టించినవాడు కాడు. ఆయనను వద్దన్నవారూ లేరు. మా జేజి చుట్ట ముట్టకపోయినా దగ్గేది. ఆ దగ్గుకు కారణం పొయ్యి పొగ అనుకొనేవాళ్ళం. అది పొయ్యి పొగో, చుట్టపొగో, రెండూనో ఇప్పుడు తేల్చడం నా వల్ల కాదు. 1890లో చట్టంలోకి ఎక్కిన మాట మన నోటిమీదికి రావడానికి నూరేళ్ళకు పైగా పట్టినది. ఇంత ఆలస్యం ఎందువల్ల జరిగినదో, చివరకు ఎట్లా వచ్చినదో తెలుసుకోవాలంటే పొగాకు కథ మొదటి నుంచి చూడవలసి ఉన్నది.

రాజంపేట దగ్గరి తాళ్ళపాకలో పుట్టిన అన్నమాచార్యులు 1503లో పరమపదించారు. ఆయన వేల సంకీర్తనలలో ఆకుమడుపులు, పోకలు, కర్పూరతాంబూలాలు ఉండవచ్చును గాని పొగాకు ఉండే వీలు లేదు. ఎందుకంటే ఆ మొక్క అప్పటికి మన దేశానికి రానేలేదు. కొలంబసు 1492లో అమెరికా దీవులకు చేరినప్పుడు అక్కడివారు ఆకులు చుట్టి కాల్చడం అతని మనుషులు చూశారు. అక్కడి నుంచి స్పెయిను, పోర్చుగలు నావికుల చేతులమీదుగా అది లోకమంతా తిరిగినది. 1604 ప్రాంతంలో అక్బరు పాదుషా పంపగా బిజాపురం వచ్చిన అసద్ బేగ్ అనే ఉద్యోగి అక్కడ పొగాకును చూసి, కొంత పొగాకునూ ఒక చక్కని హుక్కానూ తీసుకొనిపోయి పాదుషాకు సమర్పించాడు. కొలువులోని వైద్యుడు అభ్యంతరం చెప్పాడు. అయినా ప్రభువులలో కొందరికి రుచి తగిలినది. అంటే ఢిల్లీ ఆగ్రాలకన్న ముందే దక్కను పొగాకును ఎరుగును. మన కడపసీమ బిజాపురానికి ఎంతో దూరం కాదు గదా!

జహంగీరు 1617లో పొగాకును నిషేధిస్తూ ఆజ్ఞ ఇచ్చాడు. ఇంగ్లండులో మొదటి జేమ్సు రాజు 1604లోనే దానిని దూషిస్తూ ఒక చిన్న పుస్తకం వ్రాశాడు. ఇద్దరూ సార్వభౌములే, ఇద్దరి మాటా చెల్లలేదు. ఆజ్ఞ ఇవ్వడం సులభం, ఇంటింటికీ పోయి చెప్పడం కష్టం అన్న పాఠం అప్పటికే ఉన్నదన్నమాట. గురజాడవారు 19వ శతాబ్దం చివర కన్యాశుల్కం వ్రాసేనాటికి చుట్ట తెలుగువాడి జీవితంలో ఎంతగా కలిసిపోయినదంటే, గిరీశం చేతిలో అది లేకపోతే ఆ పాత్ర ఏదో వెలితిగా కనిపిస్తుంది.

ఇక కొంచెం రసాయనశాస్త్రం. పొగాకులోని నికొటీనును 1828లో జర్మనీలోని హైడెల్‌బర్గులో పొస్సెల్ట్, రైమన్ అనే ఇద్దరు వేరుచేశారు. అలవాటుకు మనిషిని కట్టిపడేసేది అదే. కాని పొగలో అది ఒక్కటే లేదు. ఒక సిగరెట్టు కాలుతున్నప్పుడు పొగ రెండు తెగలుగా బయలుదేరుతుంది. పీల్చినప్పుడు నోట్లోకి పోయేది ఒకటి. పీల్పుకూ పీల్పుకూ మధ్య కొన నుంచి ఊరకే గాలిలోకి లేచేది మరొకటి. పీల్చేటప్పుడు నిప్పు గాలి తగిలి 900 డిగ్రీల సెంటిగ్రేడు దాకా వేడెక్కుతుంది. ఊరకున్నప్పుడు వేడిమి తగ్గుతుంది, ఆమ్లజని అందడం తగ్గుతుంది. కట్టెలు సరిగా మండక కునికే పొయ్యిని చూసినవారికి దీని ఫలితం చెప్పనక్కరలేదు. సరిగా మండని కొన నుంచి కార్బన్ మోనాక్సైడు, అమోనియా, ఇంకా అనేక హానికర పదార్థాలు ఎక్కువ పాళ్ళలో వస్తాయి. ప్రక్కవారు పీల్చేది చాలవరకు ఈ రెండవ తెగ పొగనే. కార్బన్ మోనాక్సైడుకు రక్తంలోని హీమోగ్లోబినుతో ఉండే ఆకర్షణ ఆమ్లజనికన్న 200 రెట్లకు పైగా ఎక్కువ. గాలిలో అది కొద్దిగా ఉన్నా రక్తంలో చోటు దొరకబుచ్చుకొనేది ఇందుకే.

అయితే ఈ జ్ఞానం జనంలో ప్రవేశించకముందే పొగాకు చేసే కీడును కళ్ళారా చూసినవారు మిషను ఆసుపత్రుల వైద్యులు. జమ్మలమడుగులో కాంప్‌బెల్ ఆసుపత్రి పేరు వినని పెద్దలుండరు. దానిని నడిపిన లండన్ మిషన్ సంఘానికే తిరువాన్కూరు సంస్థానంలోని నెయ్యూరులో, అనగా నేటి కన్యాకుమారి జిల్లాలో, మరొక ఆసుపత్రి ఉండేది. అక్కడి వైద్యుడు బెంటాల్ 1908లో తాను చూసిన 1,700 కాన్సరు రోగుల వివరాలను ఒక బ్రిటిషు వైద్యపత్రికలో ప్రకటించాడు. అదే ఆసుపత్రికి చెందిన ఆర్ అనే వైద్యుడు 1933లో నోటి కాన్సరుకూ తమలపాకులో పొగాకు కలిపి నమలడానికీ ఉన్న సంబంధాన్ని చూపాడు. ఇంగ్లండులో డాల్, హిల్ అనే శాస్త్రజ్ఞులు సిగరెట్టుకూ ఊపిరితిత్తుల కాన్సరుకూ లంకె చూపినది 1950లో. మన పల్లెటూరి నోళ్ళు పరీక్షించిన వైద్యులు అంతకు పదిహేడేళ్ళు ముందున్నారు. పాఠ్యపుస్తకాలలో ఈ పేర్లు కనిపించకపోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

మన తెలుగునేలమీద ఈ పరిశోధన గొప్పగా సాగిన చోటు కడప కాదు, శ్రీకాకుళం. అక్కడ అడ్డపొగ అనే ఆచారం ఉన్నది. చుట్ట ముట్టించి, మండే కొనను నోటిలోపల పెట్టుకొని పీల్చడమే అడ్డపొగ. రాయలసీమవారికి వినడానికే వెరగు పుట్టవచ్చును. కాని ఉత్తరకోస్తా పల్లెలలో ముఖ్యంగా స్త్రీలకు ఇది తరతరాల అలవాటు. చుట్ట కొన నోట్లో ఉంటే గాలికి ఆరదు, నుసి రాలదు, పనిచేసే చేతులు ఖాళీగా ఉంటాయి. పనిమనిషి తెలివిలో నుంచి పుట్టిన ఆచారమే గాని వెర్రి కాదు. అయితే మూసిన నోటిలో గాలి వేడి 120 డిగ్రీల దాకా పెరుగుతుందని కొలిచినవారు చెప్పారు. అంగిలికి ఆ వేడీ, ఆ తారూ రెండూ తగులుతాయి. ఇతర ప్రాంతాలలో అంగిలి కాన్సరు అరుదు. అక్కడ అది తరచుగా కనిపించేది. మండే కొన లోపల పెట్టి చుట్ట కాల్చడం వల్ల కోస్తా ఆంధ్రలో అంగిలి కాన్సరు వస్తున్నదని డి.జి. రెడ్డి, వి.కె. రావు అనే వైద్యులు 1957లో ప్రకటించారు.

ఆ తరువాత బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన దంతవైద్య పరిశోధన విభాగం రంగంలోకి దిగినది. ఫాలీ మెహతా దానికి నాయకుడు. డెన్మార్కు దేశపు పిండ్‌బోర్గు, మన దేశంవారే అయిన దఫ్తరీ, గుప్తా తోడయ్యారు. 1966–67 ప్రాంతంలో వీరు దేశంలోని ఐదు జిల్లాలలో ఇంటింటికీ పోయి 50,915 మంది పల్లెవాసుల నోళ్ళు పరీక్షించారు. అందులో నాటి శ్రీకాకుళం జిల్లావారు 10,169 మంది. నూటికి 43 మందికి పైగా అడ్డపొగ త్రాగేవారని తేలినది. ఆసుపత్రిలో కూర్చొని వచ్చిన రోగిని లెక్కపెట్టడం వేరు; ఆరోగ్యంగా ఉన్నవాడి గుమ్మం ముందు నిలిచి, “అమ్మా, ఒకసారి నోరు తెరువమ్మా” అనడం వేరు. మొదటిదానివల్ల రోగం ఎంతమందికి ముదిరినదో తెలుస్తుంది. ఎవరికి మొదలవుతున్నదో రెండవదానివల్లనే తెలుస్తుంది.

వీరు అంతటితో ఆగలేదు. పొగాకు అలవాటున్న వారిని ఏటేటా కలిసి మాన్పించడానికి ప్రయత్నిస్తే నోటి రోగాలు తగ్గుతాయా అని ప్రశ్న వేసుకొన్నారు. 1977 ప్రాంతంలో శ్రీకాకుళంలో 12,038 మందినీ, గుజరాతులోని భావనగరులో 12,221 మందినీ, కేరళలోని ఎర్నాకుళంలో 12,212 మందినీ, వెరసి 36,471 మందిని ఎన్నుకొన్నారు. ప్రతి ఇంటికీ మనిషి పోయేవాడు. నోరు చూసేవాడు, అంగిలిమీది తెల్లమచ్చల సంగతి వారికే చెప్పేవాడు, ఎందుకు మానాలో ఎట్లా మానాలో మాట్లాడేవాడు. దానికి తోడు సినిమా బొమ్మలు, గోడపత్రికలు, రేడియో ప్రసంగాలు, జానపద నాటకాలు. మరుసటి ఏడు మళ్ళీ అదే గుమ్మం.

ఐదేళ్ళ ఫలితాలు 1986లో వెలువడినవి. బోధన జరగని పూర్వపు గుంపుతో పోలిస్తే ఈ గుంపులో మానినవారు, తగ్గించినవారు ఎక్కువ. ఎర్నాకుళంలోనూ శ్రీకాకుళంలోనూ నోటిలో కొత్తగా పుట్టే మచ్చలు తగ్గినవి. విజ్ఞానశాస్త్రం బోధించేవారు ఇక్కడ ఒక చిక్కును కూడా విద్యార్థులకు చూపాలి. పోలిక కోసం తీసుకొన్నది అదే కాలపు గుంపు కాదు, అంతకు పదేళ్ళ ముందటి గుంపు. కాలం మారడం వల్ల వచ్చిన మార్పు ఎంత, బోధన వల్ల వచ్చినది ఎంత అని పూర్తిగా విడదీయడం కష్టం. ఆ లోపం ఉన్నా, నా మట్టుకు ఇది తెలుగువారు పాల్గొన్న గొప్ప ప్రయోగాలలో ఒకటి. ఒక్కరికీ జరిమానా లేదు. జహంగీరు ఆజ్ఞ చేయలేనిదాన్ని ఏడాదికొకసారి గుమ్మం ముందుకు వచ్చిన మనిషి కొంతైనా చేయగలిగాడు.

కాని శ్రీకాకుళం కథ త్రాగేవాడి నోటితోనే ముగుస్తుంది. ప్రక్కవారి ఊపిరి సంగతి ఏమిటి? విచిత్రమేమంటే, మెహతా బృందం మన పల్లెలలో తిరగడం మొదలుపెట్టిన 1966లోనే జపానులో హిరయామా అనే శాస్త్రజ్ఞుడు మరొక లెక్క ప్రారంభించాడు. తాము పొగ త్రాగని, నలభై ఏళ్ళు దాటిన 91,540 మంది గృహిణులను పద్నాలుగేళ్ళు గమనించాడు. భర్త త్రాగడా, కొద్దిగా త్రాగుతాడా, రోజుకు ఇరవై సిగరెట్లు గాని అంతకు మించి గాని త్రాగుతాడా అన్నదాన్ని బట్టి భార్యలను విభజించాడు. భర్తలు అతిగా త్రాగేవారైతే, ఏనాడూ సిగరెట్టు ముట్టని ఆ భార్యలకు ఊపిరితిత్తుల కాన్సరు వల్ల మరణించే ప్రమాదం సుమారు రెట్టింపు అని 1981లో ప్రకటించాడు. పెద్ద దుమారం లేచినది. సిగరెట్టు కంపెనీలు లెక్క తప్పన్నాయి. తరువాతి పరిశోధనలు మాత్రం హిరయామా వైపే నిలిచాయి. 1986లో అమెరికా ప్రభుత్వ వైద్యాధికారి వెలువరించిన నివేదిక పరుల పొగ ఆరోగ్యవంతులకు కూడా రోగకారణమని ఒప్పుకొన్నది.

1890 నాటి చట్టంలో ప్రక్కవారి అసౌకర్యం ఉన్నది గాని ప్రక్కవారి ప్రాణం లేదు. వాసన గిట్టనివారి కోసం చేసిన మర్యాద అది. మర్యాదను బలవంతుడు మన్నిస్తేనే బలహీనుడికి దక్కుతుంది. ఆ పెట్టెలోని స్త్రీ నోరు తెరవకపోవడానికి ఇంతకన్న వేరే కారణం వెదకనక్కరలేదు. అంతేకాదు, 1989లో కొత్త రైల్వే చట్టం వచ్చినప్పుడు 167వ సెక్షనులో మాట మారినది. తోడి ప్రయాణీకుడు అభ్యంతరం చెప్పితే త్రాగరాదు అన్నారు. రైల్వేవారు ఏ రైలులోనైనా పూర్తిగా నిషేధించవచ్చునని కూడా చేర్చారు, నిజమే. కాని సమ్మతి అడిగే భారం త్రాగేవాడిమీద ఉండగా, అభ్యంతరం చెప్పే భారం దగ్గేవాడిమీద పడినది. నూరేళ్ళు గడిచిన తరువాత ఇది ఒక అడుగు వెనక్కే అని నా అభిప్రాయం.

ఆ పైన మాత్రం అడుగులు వడివడిగా పడినవి. అంతకు ముందే 1975 నాటి చట్టం సిగరెట్టు పెట్టెలమీద హెచ్చరిక ముద్రించాలన్నది. 1999లో కేరళ హైకోర్టు బహిరంగ స్థలాలలో ధూమపానాన్ని ఆపవలెనని తీర్పు చెప్పినది. 2001 నవంబరు 2న మురళీ దేవరా వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఆసుపత్రులు, విద్యాలయాలు, గ్రంథాలయాలు, న్యాయస్థానాలు, బస్సులు, రైళ్ళు మొదలైన చోట్ల దేశమంతటా నిషేధించినది. త్రాగనివాడిని ఇతరుల పొగకు బలిచేయడం అతని ప్రాణహక్కుకు భంగమన్నది ఆ తీర్పులోని కీలకం. 2002లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ధూమపాన నిషేధ, ఆరోగ్య రక్షణ చట్టం చేసినది. 2003లో పార్లమెంటు చట్టం, 2008 అక్టోబరు 2 నుంచి దాని కొత్త నియమాలు వచ్చాయి. ఇప్పుడు సమ్మతీ లేదు, అభ్యంతరమూ లేదు. బహిరంగ స్థలమైతే త్రాగరాదు, అంతే. జరిమానా 200 రూపాయల దాకా. గుమ్మం దగ్గర 60 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు పలక ఉండాలి. ఫిర్యాదు ఎవరికి చెప్పుకోవాలో వారి పేరు దానిమీద వ్రాయాలి. ఈసారి ప్రొద్దుటూరు, పులివెందుల బస్టాండ్లకు పోయినప్పుడు ఆ పేరు వ్రాసే చోట ఏమున్నదో విద్యార్థులు చూసి రావచ్చును. లెక్కల కాపీలో వ్రాసుకొని రమ్మన్నా తప్పులేదు.

పాఠశాల విషయంలో చట్టం ఇంకా గట్టిది. విద్యాలయానికి 100 గజాల లోపల పొగాకు అమ్మరాదు, పద్దెనిమిదేళ్ళు నిండనివారికి ఎక్కడా అమ్మరాదు. 2019లో సవరించిన మార్గదర్శక సూత్రాల ప్రకారం ఆ 100 గజాల హద్దును పసుపుపచ్చ గీతతో గుర్తించాలి. బడిలో ఒకరిని పొగాకు పర్యవేక్షకుడుగా నియమించాలి. ఆరు నెలలకొకసారైనా ఒక కార్యక్రమం జరపాలి. టేపు పట్టుకొని 100 గజాలు కొలవడం ఎనిమిదవ తరగతి పిల్లలకు చక్కని పని. మీటర్లలో అది 91.44 అని వాళ్ళే తేలుస్తారు. గీతకు ఇవతల దుకాణం ఉంటే దాన్ని ఏమి చేయాలన్నది మాత్రం పిల్లలమీద వేయరాదు. అది ఉపాధ్యాయులూ పెద్దలూ పోయి దుకాణదారుతో కూర్చొని మాట్లాడవలసిన పని.

ఇక మిగిలినది ఇల్లు. చట్టం గుమ్మం దాటి లోపలికి రాదు. పెద్దల పొగాకు అలవాట్లమీద దేశవ్యాప్తంగా జరిగిన సర్వేలో, ఇంట్లో పరుల పొగకు గురవుతున్న పెద్దలు 2009–10లో నూటికి 52.3 మంది. 2016–17లో అది 38.7కు తగ్గినది. తగ్గుదల నిజమే గాని, మిగిలినది కూడా తక్కువేమీ కాదు. ఇక్కడ చట్టం పనికిరాదు; శ్రీకాకుళం పద్ధతే గతి. అయితే ఏటేటా గుమ్మం ముందుకు వచ్చే పరిశోధకుడు ప్రతి ఊరికీ దొరకడు. ఆ ఇంట్లోనే ఉండి రోజూ బడికి పోయే పిల్లవాడు ఉన్నాడు.

నేను తరగతిలో చేసే ప్రయోగం ఒకటి చెబుతాను. తలుపులు మూసిన గదిలో ఒక మూల అత్తరు సీసా మూత తీసి పెడతాను. వాసన తగిలినవారు చేయి ఎత్తాలి, ఒకరు గడియారం చూసి నల్లబల్లమీద వ్రాయాలి. చేతులు వరుస వరుసగా లేస్తాయి, కాని తిన్నగా కాదు. ఒక్కొక్కసారి మూడవ వరుసకన్న ముందు ఐదవ వరుసలో లేస్తుంది. వ్యాపనం ఒక్కదానివల్లనే అయితే గదికి అటు కొసకు వాసన చేరడానికి వారం దాటుతుందని లెక్క వేసి చూపిస్తాను. పిల్లలు నమ్మరు. నిమిషాలలో చేరినది గదా అంటారు. మన ఊపిరి, మన కదలిక, మన ఒంటి వేడిమికి పైకి లేచే గాలి కలిసి దాన్ని మోసుకొనిపోతున్నాయి. గదిలో మనుషులుంటే చాలు, మూలనున్నది అందరిదీ అవుతుంది.

ఒక ఏడు ఆ పాఠం తరువాత జమ్మలమడుగు అవతలి పల్లె నుంచి వచ్చే ఒక విద్యార్థి ఆగి, “సార్, మా జేజినాయన మంచం నట్టింట్లోనే ఉంటాది. ఆడే పండుకోని బీడీ తాగుతాడు. మా అక్క బిడ్డ గూడా ఆన్నే పండుకుంటాది. ఎట్ల జెప్పల్ల ఆయప్పకు?” అని అడిగాడు. మానమని చెప్పవద్దు, మంచం సంగతి మాత్రం అడగమన్నాను. వారం తరువాత మంచం వసారాలోకి మారినదన్నాడు. తలుపు తెరిచి ఉంటే వసారా పొగ లోపలికి వస్తుంది గదా అన్నాను. అత్తరు సీసా సంగతి వాడికే గుర్తు వచ్చినది. వాడు ఇంటికి పోయి, జేజినాయన ఎదుట మూత తీసి వసారాలో పెట్టి, లోపలున్న అక్కను పిలిచి అడిగించాడట. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదట. తరువాత, “ఇంత కత ఉందని నాకెవురు జెప్పినార్రా?” అన్నాడట.

ఇప్పుడు ఆ మంచం వేపచెట్టు క్రింద ఉన్నది. బీడీలు తగ్గలేదు. వానాకాలంలో మంచం ఎక్కడికి మారుతుందో ఇంకా తేలలేదని, జేజినాయనా అక్కా ఆ విషయం మాట్లాడుకొంటున్నారని వాడు చెప్పాడు.